రాయని పేపరు

"ఆ తలుపు తియ్యకపోతే విరగ్గొట్టిస్తానని చెప్పు దానికి," అంది డెలిత్ మెట్ల కింద నిలబడి.

"నువ్వే చెప్పు. నీ గొంతు వీధి చివరిదాకా వినపడుతోంది," అన్నాడు ఎమ్రిస్.

ఆస్పత్రిలో డ్యూటీ మధ్యలో సెలవడిగి వచ్చేసింది డెలిత్. నర్సు చొక్కాకి పిన్నుతో తగిలించిన గడియారం ఇంకా వేలాడుతూనే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. పొద్దున ఎనిమిదింటికి స్కూల్లో స్కూలు చదువు చివర రాసే ఏ-లెవెల్ పరీక్షల ఫలితాల కాగితం పుచ్చుకుని, ఎనిమిదిన్నరకల్లా ఇంటికొచ్చి, దాన్ని వంటింటి బల్ల మీద పడేసి పైకి వెళ్ళిపోయింది కూతురు లౌరి. అప్పుడు పెట్టిన గడియ ఇప్పటిదాకా తియ్యలేదు.

లెక్కల్లో బి. కెమిస్ట్రీలో బి. ఫిజిక్సులో ఈ.

పదేళ్ళ వయసు నించీ ఫిజిక్సు తప్ప మరో మాట ఎత్తని పిల్లకి ఫిజిక్సులో ఈ!

"ఈ అంటే మరీ తక్కువేనా?" అంది నెస్టా. ఎమ్రిస్ తల్లి ఆవిడ. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇంట్లో ఎవరికి కష్టమొచ్చినా పెనం పొయ్యి మీద పెట్టి, ఎండుద్రాక్షలు వేసిన చిన్న చిన్న రొట్టెలు కాల్చడం ఆవిడ అలవాటు. ఇప్పటికి రెండు పళ్ళేలు నిండాయి. తినేవాళ్ళు లేరు.

"ఈ తరవాత ఇంకో మెట్టు లేదు నెస్టా. ఆ కింద నేలే."

"నేల మీదున్నవాళ్ళకి మళ్ళీ పడే భయముండదులే."

"మీరు దయచేసి రొట్టెలు చూసుకోండి. మాడుతున్నాయి."

"మాడేవి రొట్టెలు కావమ్మాయ్," అని గొణిగి, ఆవిడ వాటిని తిరగేసింది.

పదిన్నరకి ఒక్కసారి మాత్రం, తలుపు తియ్యకుండానే, లౌరి వార్తలు చదివినట్టు చెప్పింది. ఇంగ్లండులో తను కోరుకున్న సీటు పోయింది. ఫోన్ చేసిన ఆరు చోట్లా లేదన్నారు. ఇస్తామన్నది ఒక్కటే: బస్సులో నలభై నిమిషాల దూరంలో ఉన్న యూనివర్సిటీ. అదీ నేరుగా కాదు. ముందు ఒక ఏడాది ఫౌండేషన్ క్లాసు చదవాలి. అందులో గట్టెక్కితే అప్పుడు ఫిజిక్సు డిగ్రీ మొదటి సంవత్సరం. అవునో కాదో రేపు సాయంత్రం అయిదు లోపల చెప్పాలి.

సరిగ్గా ఆ ఫౌండేషన్ క్లాసులోంచే మొన్న జూన్‌లో గట్టెక్కాడు ఎమ్రిస్.

"వెళ్ళనంటోంది," అంది డెలిత్ కుర్చీలో కూలబడుతూ. "ఎందుకు వెళ్తుంది? నలభై ఆరేళ్ళ తండ్రి పాసై లేచిన బెంచీ మీద పోయి కూర్చోమంటే ఏ పిల్ల కూర్చుంటుంది? 'మీ నాన్న పై క్లాసులో, నువ్వు కింది క్లాసులో' అని పక్కవాళ్ళు నవ్వరూ?"

"అక్కడి పిల్లలు అలాంటివాళ్ళు కాదు. నన్ను బాగానే చూశారు."

"నిన్ను తాతా అని పిలిచారు."

"ప్రేమగానే పిలిచారు."

నెస్టాకి నవ్వొచ్చింది. కోడలి మొహం చూసి ఆ నవ్వుని దగ్గుగా మార్చుకుంది.

"ఎమ్రిస్, నిజం చెప్పు. ఏడాదంతా ఈ బల్ల దగ్గర ఏం జరిగింది? రోజూ సాయంత్రం తిండి అవగానే ఇద్దరూ కూర్చునేవాళ్ళు. అది చెప్పేది, నువ్వు రాసుకునేవాడివి. రాకపోతే మళ్ళీ చెప్పేది. మళ్ళీ రాకపోతే మళ్ళీ. మరి దాని పుస్తకం అది తెరిచిందెప్పుడు?"

"తనకి అన్నీ వచ్చు కదా అని—"

"వచ్చునని ఎవరన్నారు?"

"తనే అంది."

"పద్దెనిమిదేళ్ళ పిల్ల అంటుంది. వద్దు తల్లీ, ముందు నీ చదువు చూసుకో అని ఒక్కసారైనా అన్నావా?"

ఎమ్రిస్ ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. ఒక్కసారి కూడా అన్నట్టు గుర్తు రాలేదు.

ఇరవై ఏడేళ్ళు ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పని చేసిన మనిషి. కొలిమి ఆర్పేశాక ఆ చలికాలమంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చుండిపోయాడు. పలకరిస్తే ఊ అనడం కూడా మానేశాడు. ఒకనాటి సాయంత్రం లౌరి బల్ల దగ్గర తన నోట్సు పైకి చదువుకుంటోంది: పదిహేను వందల డిగ్రీల దగ్గర మసక ఎరుపు రంగులో వెలిగే లోహం... "మసక ఎరుపా?" అని కుర్చీలోంచి గొంతు వచ్చింది. "పదిహేను వందల దగ్గర తెల్లగా మండుతుంది. అద్దాల్లేకుండా చూస్తే కళ్ళు పోతాయి." మూడు వారాల తరవాత అతని నోట వచ్చిన మొదటి మాటలవి. లౌరి చూసుకుంటే నిజమే, అంకె తప్పు రాసుకుంది. ఆ సాయంత్రమే వేడికీ వెలుగుకీ మధ్య ఉన్న సూత్రం రాసి తండ్రి ముందు పెట్టింది. తను ఇన్నేళ్ళూ కంటితో అంచనా కట్టిన సంగతి కాగితం మీద ఒకే ఒక్క వరుసలో ఉందని తెలిసి అతను చాలాసేపు ఆ కాగితం వదల్లేదు.

అక్కణ్ణించే మొదలైంది అంతా.

"నిన్ను ఆ కుర్చీలోంచి లేపింది అదే," అంది డెలిత్. "నాకు చేతకానిది అది చేసింది. కాదనను. కానీ లేచి నిలబడ్డవాడివి దాని భుజం మీద నించి చెయ్యి తీశావా?"

ఎమ్రిస్ కిటికీ పక్క కుర్చీ వైపు చూశాడు.

"నువ్వు తప్పుకో."

"ఏమిటి?"

"సెప్టెంబర్‌లో నీ సీటు వదిలెయ్యి. నువ్వక్కడ లేవంటే అది వెళ్తుంది. ఈ ఇంటికి ఒక్క ఫిజిక్సు చాలు."

"వాడు నూటికి డెబ్భై ఒకటి తెచ్చుకున్నాడమ్మాయ్," అంది నెస్టా పెనం దగ్గర్నించి. "మా ఇంటా వంటా లేని చదువు." పోయినేడు కొడుకు చేరినప్పుడు 'నలభై అయిదేళ్ళకి పునాది వేస్తున్నావు, కప్పు పడేసరికి నేనుంటానట్రా?' అని వీధిలో అందరి ముందూ ఎగతాళి చేసింది ఆవిడే. జూన్‌లో ఫలితం వచ్చాక అదే వీధిలో అందరికీ ఆ డెబ్భై ఒకటి చెప్పుకొచ్చిందీ ఆవిడే.

"పైన పిల్ల ఏడుస్తుంటే మీకు కొడుకు మార్కులు గుర్తొచ్చాయా?"

"ఏడవడం లేదు," అంది నెస్టా మెల్లగా. "పొద్దుట్నించీ వింటున్నా. ఏడిస్తే బాగుండును."

ముగ్గురూ పైకి చూశారు.

డెలిత్ లేచి, గడియారం చూసుకుని, డ్యూటీకి వెళ్ళిపోయింది. వీధి తలుపు మామూలుగానే వేసింది. ఆమె విసిరికొట్టి ఉంటే ఎమ్రిస్‌కి కాస్త ఊరటగా ఉండేది.

* * *

బల్ల మీద కాగితం అలాగే ఉంది. పైనున్న పెద్ద అక్షరాన్ని అందరూ చూశారు. దాని కింద చిన్న అచ్చులో ఏముందో ఎవరూ చూడలేదు.

కొలిమి దగ్గర ఇరవై ఏడేళ్ళు గంటగంటకీ అంకెలు రాసిన చెయ్యి అతనిది. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి అతను చెప్పే మొదటి మాట ఒకటుండేది. తప్పు అంకెకి భయపడకండి, దిద్దుకోవచ్చు. ఖాళీ గడికి భయపడండి.

ఫిజిక్సు కింద వరసగా యూనిట్లు. మూడో యూనిట్‌లో మంచి మార్కులు. అయిదోది ప్రాక్టికల్, దాన్లో ఇంకా మంచి మార్కులు. మధ్యలో నాలుగో యూనిట్ ఎదురుగా అంకె లేదు. ఒక అక్షరం ఉంది. కాగితం వెనక ఆ అక్షరానికి అర్థం రాసి ఉంది: పరీక్షకి హాజరు కాలేదు.

మొదట అతనికి పొరపాటేమో అనిపించింది. స్కూలుకి ఫోన్ చేద్దామని లేచాడు కూడా. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద లౌరి పరీక్షల పట్టిక ఇంకా వేలాడుతోంది. ఏప్రిల్ నించీ అక్కడే ఉంది. పాల కోసం రోజుకి నాలుగుసార్లు ఆ తలుపు తెరిచాడు.

జూన్ తొమ్మిది, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటలు. ఫిజిక్స్, నాలుగో యూనిట్.

ఫోన్ కిందపెట్టేశాడు.

ఆ తేదీ అతనికి వేరే ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. తన ఫౌండేషన్ చివరి పరీక్ష, లెక్కల పేపరు, జూన్ తొమ్మిది మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకే.

"ఏమిట్రా, అలా పాలిపోయావు?" అంది నెస్టా.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఒక రొట్టె తిను."

తిన్నాడు. రుచి తెలియలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచాడు. సాయంత్రం డెలిత్ వచ్చింది, మాంసం చారు వేడి చేసింది, నాలుగు గిన్నెలు పెట్టింది. మూడు ఖాళీ అయ్యాయి. నాలుగోది మెట్ల మీద పెట్టి వచ్చింది నెస్టా. తెల్లారి చూస్తే అది పెట్టినచోటే ఉంది, పైన నెయ్యిలా కొవ్వు పేరుకుని.

* * *

శుక్రవారం పొద్దున ఏడున్నరకి పై గది తలుపు తెరిచి ఉంది. లోపల మనిషి లేదు.

"సముద్రం వైపు వెళ్ళింది," అంది నెస్టా. "కోటేసుకోలేదు. పిలిస్తే పలకలేదు."

డెలిత్ అప్పటికే ఆస్పత్రికి వెళ్ళిపోయింది. ఎమ్రిస్ లౌరి కోటు పట్టుకుని బయల్దేరాడు. సన్నగా తుంపర పడుతోంది. అలలు ఆపడానికి కట్టిన పొడవాటి గోడ మీద, ఫ్యాక్టరీ వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది లౌరి. కోటు ఆమె భుజాల మీద కప్పాడు. ఆమె దాన్ని తీసెయ్యలేదు, దగ్గరికి లాక్కోనూ లేదు.

"అమ్మ పంపిందా?"

"లేదు. అమ్మ డ్యూటీకి వెళ్ళింది."

పక్కన కూర్చున్నాడు. గోడ తడిగా ఉంది.

"నాలుగో యూనిట్ దగ్గర అంకె లేదు తల్లీ."

లౌరి సముద్రం వైపే చూస్తోంది.

"జూన్ తొమ్మిది," అన్నాడు.

"రెండు నెలల అయిదు రోజులు పట్టింది నీకు," అంది.

ఆ పొద్దున అతను బస్టాపులో కూర్చున్నాడు. ఒక బస్సు వెళ్ళిపోయింది. రెండోదీ వెళ్ళిపోయింది. పెన్నుల పెట్టె జారి కిందపడితే వంగి తీసుకోలేకపోయాడు. రోడ్డుకి అవతల స్కూలు వైపు వెళ్ళే బస్సు కోసం నిలబడ్డ లౌరి అది చూసి రోడ్డు దాటి వచ్చింది. ఇంటికి పోదాం, నా వల్ల కాదు అన్నాడు. నాకివాళ ఏమీ లేదు, నేనూ వస్తా పద అంది. బస్సులో పక్కన కూర్చుని, మెట్టు మెట్టుగా సూత్రాలు చెప్పించింది. పరీక్ష హాలు తలుపు దాకా తీసుకెళ్ళింది. రెండు గంటల తరవాత అతను బయటికొచ్చేసరికి స్కూలు సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఇవాళ ఏమీ లేదన్నావు," అన్నాడు ఎమ్రిస్.

"నువ్వు నమ్మావు."

"ఎందుకు చేశావమ్మా ఆ పని?"

"అప్పటికే మూడో బస్సు వస్తోంది నాన్నా. ఇంటికెళ్తే నువ్వు ఎక్కడ కూర్చుంటావో నాకు తెలుసు."

"నీకు పరీక్షుందని తెలిస్తే పొమ్మనేవాణ్ణి."

"అనేవాడివి. అనేసి నువ్వు ఇంటికి వెళ్ళిపోయేవాడివి."

ఒక అల గోడకి కొట్టుకుని వెనక్కి పోయింది.

"మధ్యలో దిగిపోదామనుకున్నా," అంది లౌరి. "మొదటి స్టాపులో అనుకున్నా. రెండో స్టాపులో అనుకున్నా. నన్ను పట్టుకున్నవాళ్ళెవరూ లేరు. కాబట్టి నీ తప్పేం కాదులే."

ఆ 'కాదులే'లో ఉన్నంత నింద నిన్న డెలిత్ అన్న మాటలన్నీ కలిపినా లేదు.

"స్కూలువాళ్ళు ఊరుకున్నారా?"

"ఫోన్ చేశారు. కడుపునొప్పి అన్నా. డాక్టరు చీటీ తెమ్మన్నారు. ఎక్కణ్ణించి తేను? మిగతా యూనిట్లలో బాగా వస్తే బి అయినా వస్తుందేమోనని లెక్క వేసుకున్నా." చిన్నగా నవ్వింది. "లెక్క తప్పింది."

"నాకెందుకు చెప్పలేదు? ఇన్ని రోజుల్లో ఎప్పుడైనా—"

అప్పుడు తల తిప్పింది లౌరి. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నువ్వు అడగలేదు."

ఎమ్రిస్‌కి అర్థం కాలేదు.

"తిరిగొచ్చేటప్పుడు నలభై నిమిషాలు నీ అయిదో ప్రశ్న గురించి చెప్పావు. ఎలా మొదలుపెట్టావు, ఎక్కడ ఆగిపోయావు, మళ్ళీ ఎలా అందుకున్నావు. దిగాక చిప్స్ కొనిపెట్టావు. తింటూ కూడా అదే చెప్పావు. ఇంటికెళ్ళి అమ్మకి మళ్ళీ మొదటినించీ చెప్పావు. ఆ రోజు అడుగుతావనుకున్నా. మర్నాడు అడుగుతావనుకున్నా. నీ ఫిజిక్స్ పేపర్లు ఎలా రాశావే అని. అమ్మ అడిగింది, మామ్‌గీ కూడా అడిగింది. వాళ్ళకి బాగా రాశానని చెప్పేశా. నువ్వడిగితే మాత్రం నా వల్ల కాదు, ఏడ్చేస్తానని భయపడుతూ ఉన్నా." మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. "నువ్వు అడగనే లేదు నాన్నా. రెండు నెలలు."

నానమ్మని మామ్‌గీ అంటుంది లౌరి, నడక నేర్చినప్పటినించీ.

"సీటు వదిలేస్తాను," అన్నాడు ఎమ్రిస్.

"దాంతో నాకేమొస్తుంది? ఆ తొమ్మిదో తారీకు మళ్ళీ వస్తుందా?"

లేచింది. కోటు గోడ మీదికి జారిపోయింది. తీసుకోలేదు.

"అమ్మకి మాత్రం చెప్పకు."

"ఎందుకు?"

"చెప్పకు, అంతే."

అతను సరే అనలేదు, కాదూ అనలేదు. ఆ మౌనాన్నే ఒప్పుదల అనుకుని లౌరి ముందుకి నడిచింది. పదడుగుల వెనకగా కోటు చేత్తో పట్టుకుని అతను నడిచాడు. ఇల్లు చేరేదాకా ఆ పదడుగులూ తగ్గలేదు.

* * *

మధ్యాహ్నం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, యూనివర్సిటీ సీటు వదులుకునే ఫారం నింపాడు ఎమ్రిస్. పేరు. విద్యార్థి నంబరు. కోర్సు: ఫిజిక్స్, మొదటి సంవత్సరం. కారణం అన్నచోట చాలాసేపు ఆగి 'కుటుంబ పరిస్థితులు' అని రాశాడు. మిగిలింది చివరి బటన్ నొక్కడమే. నొక్కడానికి చెయ్యి రాలేదు.

డెలిత్ నాలుగింటికి వచ్చింది. తెర మీద ఉన్నది నిలబడే చదివింది. రెండు రోజుల్లో మొదటిసారి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"మంచి పని చేస్తున్నావు," అంది. గొంతులో కోపం లేదు. "నీకు కష్టమని తెలుసు. నాకేం సంతోషం కాదు ఎమ్రిస్. కానీ అది చిన్నపిల్ల."

ఆ చేతి బరువు కింద అతను కదలకుండా కూర్చున్నాడు.

"లౌరీ! కిందకి రా," అని కేకేసింది డెలిత్. "నాన్న వెళ్ళడం లేదు. ఇక నీకేం అడ్డు లేదు. గంటలోపల వాళ్ళకి ఫోన్ చెయ్యాలి."

లౌరి దిగి వచ్చింది. తెర చూసింది. తండ్రిని చూసింది.

"నొక్కేశావా?"

"ఇంకా లేదు."

"నొక్కకు."

"నొక్కనీ," అంది డెలిత్. "నీ కోసమే కదా."

"నా కోసం ఎవరూ ఏమీ వదలక్కర్లేదు. నాన్న లేకపోయినా నేనక్కడికి వెళ్ళను."

"మరి దేనికి వెళ్ళవు? ఇంగ్లండుకి వెళ్తానన్నదానివి, ఇక్కడ ఏడాది ఆలస్యమైతే ప్రాణం పోతుందా? లోకంలో ఎవరికీ మార్కులు తగ్గలేదా?" డెలిత్ ఒకరి తరవాత ఒకర్ని చూసింది. "మీ ఇద్దరి మధ్యా ఏదో ఉంది. పొద్దున ఇద్దరూ తడిసొచ్చారట, ఒక్క మాటాడుకోలేదట. నెస్టా ఫోన్ చేసి చెప్పారు. ఏం జరిగిందో నాకెవరైనా చెప్తారా?"

ఎమ్రిస్ కూతురి వైపు చూశాడు. లౌరి తల అడ్డంగా, కనీ కనపడకుండా ఊపింది.

జేబులోంచి కాగితం తీసి, నాలుగు మడతలూ విప్పి, డెలిత్ ముందు పెట్టాడు.

"తను ఫెయిలవలేదు," అన్నాడు. "నాలుగో పేపరు రాయలేదు."

"నాన్నా!"

"రాయలేదంటే?"

"ఆ పొద్దున నాతో ఉంది."

అంతా చెప్పాడు. బస్టాపు, రెండు బస్సులు, కిందపడిన పెన్నుల పెట్టె. తను భయపడ్డ సంగతి డెలిత్‌కి అప్పటిదాకా తెలియదు. అడ్డుపడకుండా విన్నది. విన్నంతసేపూ వేలు ఆ అంకె లేని గడి మీదే ఉంది.

"ఎన్నింటికి దాని పరీక్ష?"

"తొమ్మిదింటికి."

"ఆ సాయంత్రం నువ్వు నీ అయిదో ప్రశ్న గురించి చెప్పావు నాకు. నేను నీకు టీ పోశాను. ఇది ఇక్కడే కూర్చుని నవ్వింది."

"అవును."

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్న," అంది డెలిత్. "నిన్న చారు తాగుతున్నప్పుడు తెలుసన్నమాట."

ఎమ్రిస్ తల వంచుకున్నాడు. బటన్ వైపు చెయ్యి చాపాడు. అతని వేళ్ళు ఇంకా అక్కడుండగానే డెలిత్ లాప్‌టాప్ మూసేసింది.

"వదలడానికి వీల్లేదు."

"నిన్న నువ్వే కదా—"

"నిన్న నాకు తెలీదు. నా కూతురు తన పేపరు మానుకుని నిన్ను కూర్చోబెట్టిన సీటు అది. ఇప్పుడు లేచొచ్చేసి మనసు తేలిక చేసుకుందామనుకుంటున్నావా? కుదరదు. వెళ్ళు. మూడేళ్ళూ వెళ్ళు. రోజూ గుర్తుంచుకుని మరీ కూర్చో అక్కడ."

నెస్టా పొయ్యి ఆర్పేసింది. కొడుకు తరఫున ఒక్క మాటైనా అనాలని నోరు తెరిచి, మనవరాలి మొహం చూసి మూసుకుంది.

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. లౌరి ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి వెనక తలుపు వేసుకుంది. అద్దంలోంచి ఆమె వీపు మాత్రమే కనపడుతోంది. లోపల ముగ్గురూ ఆ వీపునే చూస్తూ నిలబడ్డారు. పేరు చెప్తోందేమో, ఒకసారి అక్షరం అక్షరంగా ఆగింది. తరవాత చాలాసేపు విన్నది.

లోపలికి వచ్చింది.

"వెళ్తానని చెప్పాను."

డెలిత్ ఊపిరి వదిలింది. "నా బంగారు తల్లి—"

"బంగారం లేదు ఏం లేదు. వెళ్ళకపోతే ఇంకో ఏడాది ఈ బల్ల దగ్గరే కూర్చోవాలి. అది ఇంకా కష్టం." తండ్రి వైపు తిరిగింది. "ఒకే బస్సులో మాత్రం కాదు. నువ్వు ఏడున్నరదాన్లో వెళ్ళు. నేను ఎనిమిదింటికి వస్తా. అక్కడ కనిపిస్తే పలకరించకు."

"సరే," అన్నాడు ఎమ్రిస్.

"లెక్కలు వచ్చి అడగకు."

"సరే."

అతను రెండుసార్లూ వెంటనే అన్నాడు. ఇంకా ఏవైనా షరతులుంటే వాటికీ సరే అనడానికి సిద్ధంగా ఉన్నాడు. లౌరి ఇంకేమీ అడగలేదు.

మెట్ల వైపు కదిలిన పిల్లని డెలిత్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాన్న అడగలేదు, సరే. నేను అడిగాను కదే. రోజూ అడిగాను. ఎలా రాశావంటే బాగానే అన్నావు. రెండు నెలలు నా మొహం చూస్తూ అబద్ధం చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

లౌరి తల్లి చేతిలో ఉన్న తన చేతిని చూసుకుంది.

"చెప్తే నాన్నని ఇంట్లోంచి పంపించేస్తావనుకున్నా."

"పిచ్చిపిల్లా, అవేం మాటలే!" అంది నెస్టా కంగారుగా. "మీ అమ్మ అలాంటిదా? చెప్పమ్మాయ్, చెప్పు దానికి."

లౌరి చూస్తోంది. ఎమ్రిస్ కూడా తలెత్తి చూశాడు.

డెలిత్ కూతురి చెయ్యి వదిలింది. బల్ల మీది కాగితాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి, తన చొక్కా జేబులో పెట్టుకుంది.

కాదనలేదు.